కడుపునొప్పి తాళలేక

మానసిక జబ్బుతో బతకడం గురించి తెలుగులో ఏం చదవాలి అని ఎవరైనా అడిగితే, సాహిత్యం తెలిసినవాళ్లు నాలుగు పేర్లు గడగడా చెప్పేస్తారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’. మనోవైజ్ఞానిక నవలలు అని వీటికొక అర కేటాయించి దశాబ్దాలుగా దుమ్ము దులుపుతున్నాం. గొప్ప నవలలే, కాదనను. ‘అంపశయ్య’ను ఇంజనీరింగ్ హాస్టల్లో వరసగా రెండుసార్లు చదివినవాణ్ణి. కానీ అడిగినవాళ్లకు కావాల్సింది అది కాదు. మూడు వారాలుగా నిద్రపోని తమ్ముడితో ఒకే ఇంట్లో ఉంటున్న అక్క, మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఒకసారి చూసి మళ్లీ వేసుకుంటున్న మనిషి, ‘మాలాంటివాళ్లు ఎలా బతికారు?’ అని అడుగుతున్నారు. మనం వాళ్ల చేతిలో చైతన్య స్రవంతి పెడుతున్నాం.

ఆ పేర్లే ఒకసారి చూడండి. అసమర్థుడు. అల్పజీవి. పుస్తకం తెరవకముందే తీర్పు వచ్చేసింది. వాటిలో వ్యంగ్యం ఉందని, రచయిత సానుభూతి పాత్రవైపే ఉందని నాకూ తెలుసు. అయినా డిప్రెషన్‌తో మంచం దిగలేకపోతున్న మనిషికి ‘అసమర్థుని జీవయాత్ర’ చదవమని ఇచ్చి చూడండి, ఆ చేతులు ఎలా వెనక్కి వెళ్తాయో.

ఇంకోటి. వీళ్లంతా ఎవరు? ఆస్తి కరగబెట్టుకున్న పెద్దింటి సీతారామారావు, డాక్టరు దయానిధి, గుమాస్తా సుబ్బయ్య, ఉస్మానియా విద్యార్థి రవి. తెలుగు నవలలో మనసు అనేది చదువుకున్న మగవాడికి వచ్చిన ఆస్తి. బుచ్చిబాబు కొంతకాలం అనంతపురంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. దయానిధిని కూడా రాయలసీమకు తీసుకొచ్చాడు. ఇక్కడ దయానిధికి వజ్రం దొరికింది, ఆలోచించుకోవడానికి ఏకాంతం దొరికింది. ఈ నేలమీద శెనక్కాయ వేసి ఆకాశం చూసే మనిషికి కూడా లోపల ఏదో జరుగుతూ ఉంటుందనే ఊహ మాత్రం ఆ నవలకు రాలేదు. కోస్తా నుంచి వచ్చిన రచయిత కదా అని దాన్ని వదిలేయొచ్చు. మరి మనవాళ్లు?

మనవాళ్ల దగ్గరే నా అసలు పేచీ. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లేకపోతే అనంతపురం కరువుకు సాహిత్యంలో మొహమే లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి పడేది, ఒకే పంట మీద పెట్టిన జూదం, ఎండిపోయిన బోర్లు, వడ్డీ. ఇదంతా వాళ్లు కథ చేశారు కాబట్టే బయటవాళ్లకు తెలిసింది. కానీ వాళ్లు వేసిన బాటలో వెనక నడిచినవాళ్లు దాన్నొక అచ్చు చేసేశారు. బోరు ఎండుతుంది, అప్పు పెరుగుతుంది, షావుకారు వాకిట్లోకి వస్తాడు, రైతు పోతాడు, కథ అయిపోతుంది. ఆ రైతు చావుకు ముందు ఆరు నెలలు ఎలా ఉన్నాడు? తిండి ఎప్పుడు మానేశాడు? చేనికి పోవడం ఎప్పుడు ఆపాడు? భార్యతో మాట్లాడటం తగ్గించాడా, పెంచాడా? ఆ అచ్చులో ఇవి పట్టవు. అతనికి అప్పు ఉంది కాబట్టి మనసు అవసరం లేదు.

2001 ప్రాంతంలో పాత్రికేయుడు పి. సాయినాథ్ అనంతపురం గురించి రాస్తూ ఒక దారుణాన్ని బయటపెట్టారు. జిల్లా నేర రికార్డుల్లో ఎన్నో ఆత్మహత్యలకు కారణం కడుపునొప్పి అని రాసిపెట్టారట. ‘కడుపునొప్పి తాళలేక’ అనే ముక్క పేపర్లలో జిల్లా పేజీ చదివి పెరిగిన నా తరానికి బాగా తెలుసు. కరువు, అప్పు, విధానాలు అన్నీ ఆ రెండు మాటల్లో మాయమయ్యాయి. ఆ అబద్ధం మీద పోరాడింది రైతు సంఘాలు, పాత్రికేయులు, రచయితలు. 2004లో జీవో 421 వచ్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు. అయితే ముందు త్రిసభ్య కమిటీ వచ్చి విచారించాలి. వ్యవసాయం అప్పు వల్లే పోయాడని ఆ ఇంట్లోవాళ్లు రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు ఆ ఇంటి ఆడమనిషి స్థానంలో నిలబడండి. రెవెన్యూ అధికారి, పోలీసు అధికారి, వ్యవసాయ అధికారి ఎదురుగా ఉన్నారు. ‘ఏడాదిగా ఆయన మనిషి మనిషిలా లేడు సార్, ఒకసారి బెంగుళూరు నిమ్హాన్స్‌కి కూడా తీసుకపోయినాం’ అని ఆమె చెప్పగలదా? చెప్తే కేసు పోతుంది. వ్యక్తిగత కారణాలు అని రాసుకుని జీపెక్కుతారు. ఆమె మౌనానికి న్యాయమైన కారణం ఉంది. రచయితకు ఏం కారణం ఉంది? కథకుడు ఏ కమిటీకీ జవాబు చెప్పక్కర్లేదు. అయినా మన కరువు కథ ఆ కమిటీ ముందు ఇచ్చిన వాంగ్మూలం లాగే తయారైంది. అధికారి అనుమానించే అవకాశమున్న ప్రతి వివరాన్నీ కత్తిరించేసుకుంటుంది.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది చిన్నదేమీ కాదు. రైతు మనసు గురించి మాట్లాడటం మొదలుపెడితే ప్రభుత్వానికి తప్పించుకునే దారి ఇచ్చినట్టే. కౌన్సెలింగ్ ఇస్తాం, మద్దతు ధర అడక్కండి అంటారు. నిజమే, అంటారు. మా ఐటీ ఆఫీసుల్లో చేసేది అదే పని: పని గంటలు తగ్గించకుండా అక్టోబరు 10న మెంటల్ హెల్త్ మెయిలు పంపుతారు. అయినా ఈ వాదన ఒకచోట ఆగిపోతుంది. అప్పు జబ్బును తెస్తుంది, పెంచుతుంది. అంతమాత్రాన జబ్బు అబద్ధం అయిపోదు. సిలికోసిస్‌కి గని యజమాని కారణమని చెప్పడానికి గని కార్మికుడి దగ్గును దాచిపెట్టం కదా. ఆ దగ్గు వినిపించినకొద్దీ యజమాని మీద కేసు బలపడుతుంది. నాకు ‘యాంగ్జైటీ’ ఉండొచ్చు, మా ఊరి రామప్పకో ఓబుళమ్మకో ‘సమస్యలు’ మాత్రమే ఉండాలి అనేది అభ్యుదయం ఎలా అవుతుంది?

విచిత్రం ఏంటంటే, ఈ విషయంలో వైద్యం సాహిత్యం కంటే ముందే పల్లెకు వచ్చింది. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే. ఆ పక్కింటి బళ్లారిలోనే 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు పల్లె ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, పిచ్చాసుపత్రి దాకా పోకుండా అక్కడే మందులు ఇచ్చే పద్ధతిని నడిపి చూపించారు. 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి నమూనాయే ఆధారం. గుంతకల్లు నుంచి రైలెక్కితే ఎంతసేపు బళ్లారి! చదువులేని మనిషికి కూడా మనసు ఉంటుందని, అది జబ్బు పడుతుందని, బాగవుతుందని నలభై ఏళ్ల కిందట మన పొలిమేరలో ఆరోగ్య కార్యకర్తలు నమ్మి పనిచేశారు. మన నవల ఇంకా నమ్మలేదు.

భాష లేదా అంటే ఉంది. మా వైపు పిచ్చి అనే మాట తక్కువ, తిక్క అంటారు. కోపానికీ తిక్కే, మొండితనానికీ తిక్కే, ఉన్మాదానికీ తిక్కే. ఇక బేజారు ఉంది. ‘పొద్దన్నుంచి ఒకటే బేజారు’ అని ఒక ముసలమ్మ అన్నదంటే అది విసుగు కావచ్చు, దిగులు కావచ్చు, డాక్టరుకు చూపించాల్సిన జబ్బే కావచ్చు. తెలంగాణలో రంది ఉంది. ఈ మాటల్లో ఏది ఎప్పుడు హద్దు దాటుతుందో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ఆ తెలియడాన్ని రాయడమే కదా నవల పని.

రాసినవాళ్లు లేరా? హిందీలో స్వదేశ్ దీపక్ ఉన్నాడు. ‘కోర్ట్ మార్షల్’ నాటకం రాసిన మనిషి, ఏడేళ్లు జబ్బులో మునిగి తేలి, 2003లో ‘మైనే మాండూ నహీ దేఖా’ రాశాడు. ముక్కలు ముక్కలుగా, ఎక్కడా సర్దిచెప్పకుండా రాశాడు. 2006లో ఒక ఉదయం నడకకని ఇంట్లోంచి వెళ్లి మళ్లీ రాలేదు. జెర్రీ పింటో 2012లో ఇంగ్లీషులో రాసిన ‘ఎమ్ అండ్ ది బిగ్ హూమ్’లో తల్లి బీడీ కాలుస్తూ, పిల్లలతో పచ్చిగా జోకులేస్తూ, మధ్యమధ్యలో చావబోతూ ఉంటుంది. బొంబాయిలో ఒక చిన్న ఫ్లాట్‌లో నలుగురు. ఆ పుస్తకంలో నన్ను ఆపేసింది నవ్వు. మన కథల్లో జబ్బు మనిషి నవ్వితే అది దయ్యం నవ్వే. ‘చంద్రముఖి’, ‘అపరిచితుడు’ రెండూ 2005లోనే వచ్చి ఆ ముచ్చట కూడా తీర్చేశాయి.

అమ్ముడుపోదు అంటారు ప్రచురణకర్తలు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎవరు కొంటున్నారనుకుంటున్నారు? అంతా మేనేజర్లు కావాలనుకునేవాళ్లేనా? ఆ అర ముందు నిలబడేవాళ్లలో సగం మంది నిద్ర పట్టనివాళ్లేనని నా అనుమానం.

కాబట్టి అనంతపురం నుంచి రాయబోయేవాళ్లను నేను అడిగేది ఇది. చావుతో ముగించకండి, ఈ ఒక్కసారికి. పోయినాయన భార్యో, పోకుండా మిగిలినాయనో పదేళ్లు ఎలా బతికారో రాయండి. ముందు దర్గాకు, తర్వాత ఆంజనేయస్వామి గుడికి, ఆ తర్వాత బెంగుళూరుకు తిరిగిన వరస రాయండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైలుతో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి ఓపీ క్యూలో నిలబడటం, మందు పడ్డాక నోరెండిపోయి చేతులు వణుకుతుంటే కలుపు తీయలేకపోవడం, కూలి పోవడం, మందులు మానేయడం, బిడ్డకు సంబంధం చూసేటప్పుడు ఆ ఫైలును బియ్యం డబ్బా వెనక దాచడం. వాన బాగా పడిన ఏడాది కూడా, శెనక్కాయకు మంచి ధర పలికిన ఏడాది కూడా, అతను మంచం దిగకపోవడం.