హవల్దారు శవం ఎవరిది?

పోయిన నెల శంషాబాద్ మండలంలోని ఒక మాదిగవాడలో రిటైర్డ్ హవల్దారు ఒకాయన కన్నుమూసిండు. డెబ్బై రెండేండ్ల మనిషి. పేరూ ఊరూ రాయటం లేదు, ఇంటోళ్ళు వద్దన్నరు. శవాన్ని వాకిట్ల పడుకోబెట్టినంక మూడు గంటలు కొట్లాట నడిచింది. ఆస్తి కోసం కాదు, ఆయన ఏ మతపోడు అన్న దాని మీద.

ఆదివారం ఆదివారం ఆయన భార్య చర్చికి పోతది కాబట్టి పాస్టరు బైబిలు పట్టుకొని వచ్చిండు. ఊర్ల నుంచి కొందరు పోరగాండ్లు కాషాయ జెండా తెచ్చి, "మిలిటరీ తాత దేశభక్తుడు, మా హిందువు" అన్నరు. బతికున్నన్నాళ్ళు ఆ తాతను వాళ్ళ గుడి మెట్టు ఎక్కనిచ్చింది లేదు. ఇక మేమేం తక్కువ తినలేదు. నీలి గుడ్డ పట్టుకొని పోయి, "ఆయన అంబేద్కరిస్టు, బుద్ధ వందనం చేస్తం" అని పట్టుబట్టినం. చచ్చిన మనిషిని మూడు దిక్కుల నుంచి గుంజిన వాళ్ళల్ల మేము కూడా ఉన్నం. ఈ మాట ముందు ఒప్పుకొని మిగతాది రాస్తున్నం.

ఆయన 1972లో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో భర్తీ అయ్యిండు. ఇరవై నాలుగేండ్లు చేసి 1996లో హవల్దారుగా ఇంటికొచ్చిండు. పదో తరగతి తప్పిన పిలగాడు ఫౌజ్‌లనే హిందీ, ఇంగ్లీషు అక్షరాలు నేర్చిండు. వాడలో మొదటి మనియార్డరు ఆయనదే. ఆ మనియార్డరు మీదనే ఇద్దరు తమ్ములు, ఒక చెల్లె చదివిన్రు. మా వాడల్ల మొదటి తరం చదువు ఎక్కడి నుంచి వచ్చిందని తీగ లాగితే సగం ఇండ్లల్ల ఒక రైల్వే గ్యాంగుమనో, ఒక మున్సిపాలిటీ కామాటో, ఒక సిపాయో తేలుతడు.

సెలవు మీద వచ్చినప్పుడు ఊరి హోటల్లో ఆయనకు చాయ వేరే గిలాసల పోసిన్రు, ఒంటి మీద యూనిఫారం ఉండంగనే. "గిలాస కడిగి బోర్లించి వచ్చిన బిడ్డా, తాగలే" అని మాకు చెప్పిండు. అంతకు రెండు రోజుల ముందు పంజాబోడు, మరాఠోడు, మలయాళపోడు, ఆయన ఒక్క వరుసల కూసొని ఒక్క కడాయిల పప్పు తిన్నరు. ఫౌజోళ్ళు వంటశాలను లంగర్ అంటరు. మేము ఒకసారి, "తాతా, నీ మతమేంది? ఎల్లమ్మకు దండం పెడ్తవ్, చర్చికి బియ్యం ఇస్తవ్, గోడకు బాబాసాహెబ్ ఫోటో ఉంది" అని అడిగితే, ఆయన నవ్వి, "నాది లంగర్ మతం" అన్నడు. మేము అప్పుడు దాన్ని వేళాకోళం అనుకున్నం.

ఫౌజ్ స్వర్గమని మేము చెప్పటం లేదు. అక్కడ కులం లేదనేది అబద్ధం. రెజిమెంట్లనే కులాల మీద, ప్రాంతాల మీద కట్టిన్రు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సైన్యంతో కొట్లాడి చచ్చినోళ్ళల్ల మహార్లు ఉన్నరని స్తంభం మీద పేర్లు చెక్కిన తెల్లదొరలే, 1890ల్లో "యుద్ధ జాతులు" అనే లెక్క తెచ్చి మహార్లకు భర్తీ బంద్ చేసిన్రు. మద్రాసు సైన్యంలో తెలుగోళ్ళ భర్తీ కూడా ఆ లెక్కలోనే తగ్గిపోయింది. చమార్ రెజిమెంట్‌ను 1943లో, యుద్ధం అవసరమున్నప్పుడు లేపిన్రు, అవసరం తీరినంక 1946లో రద్దు చేసిన్రు. మహార్ రెజిమెంట్ 1941లో మళ్ళీ నిలబడిందంటే వెనుక బాబాసాహెబ్ కొట్లాట ఉంది. మాల, మాదిగల పేరు మీద రెజిమెంటు లేదు, భర్తీలో ఎస్సీ రిజర్వేషనూ లేదు.

అయినా ఆ తలుపు ఎంత చిన్నగ తెరిచినా దాంట్లోంచి ఏమొచ్చిందో చూడండి. గోపాల్ బాబా వలంగ్‌కర్ 1886లో సైన్యం నుంచి రిటైరయ్యి, 1888లో 'విటాళ్ విధ్వంసక్' అని అంటరానితనం మీద పుస్తకం అచ్చేసిండు. ఫూలే దారిల నడిచినోడు. ఆయనను మహాడ్ తాలూకా బోర్డులో సభ్యునిగా వేస్తే పై కులపోళ్ళు పక్కన కూసోమన్నరు. తుపాకి పట్టిన చేతితోనే కలం పట్టిండు ఆయన.

ఇక సుబేదార్ రాంజీ సక్పాల్. తండ్రి మాలోజీ సిపాయి, తనూ సిపాయి. సైనిక బడిలో పంతులు, తర్వాత హెడ్మాస్టరు. మా వృత్తే కాబట్టి ఈ మాట కాస్త గర్వంగ రాస్తున్నం. ఆయన కబీరు పంథీ. తెల్లారి, పొద్దుమూకి పిల్లలతోటి భజనలు పాడించేటోడు, రామాయణ భారతాలు చదివించేటోడు. ఆ పిల్లల్లో ఆఖరివాడు 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టిన భీమ్‌రావ్. రిటైరయినంక రాంజీ సతారా వైపు క్యాషియరు కొలువు చేసిండు. 1901లో ఆయనను చూడబోయిన పిల్లలు రైలు దిగి, బండి కట్టించుకొని, రాత్రంతా గుక్కెడు నీళ్ళు దొరకక అల్లాడిన ముచ్చట బాబాసాహెబే రాసుకున్నడు. సుబేదారు కొడుకులైనా, మంచి బట్టలు తొడిగినా, నీళ్ళు పుట్టలేదు.

గమనించాల్సింది ఇది. తండ్రిది కబీరు, కొడుకుది 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బుద్ధుడు. కొడుకు తండ్రి భజనను వదిలిండు కానీ తండ్రిని తిట్టలేదు. ఆ భజన కూసోబెట్టి చదివించింది, ఆ సైనిక బడి అక్షరం ఇచ్చింది. మరి మన యువకులు ఎల్లమ్మకు దండం పెట్టిన ముసలాయన్ని చూసి, "ఇంకా మారలే" అని నవ్వితే ఎట్ల? "సర్కారు సిపాయి, రాజ్యం తొత్తు" అన్నోళ్ళు కూడా మనలో ఉన్నరు. కారంచేడు జరిగిన 1985లో బారక్‌లో పేపరు చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదని ఆయన చెప్పినప్పుడు ఈ అన్నోళ్ళు ఇంకా పుట్టలేదు.

రిటైరయినంక ఆయన బతుకు చూస్తిమి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచిన్రు, దాని కోసం పోయిన భూమి దాదాపు 5,500 ఎకరాలు. చుట్టూ వెంచర్లు, గేట్లు, ఫంక్షన్ హాళ్ళు. ఇరవై నాలుగేండ్లు సరిహద్దు కాసిన మనిషి ఒక వెంచరు గేటు కాడ స్టూలు మీద కూసొని, కార్లకు సెల్యూట్ కొట్టిండు. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజ విగ్రహం 2022 ఫిబ్రవరిలో లేచింది. సమతామూర్తి అని పేరు. టికెట్టు కొనుక్కొని ఆయన కూడా చూసొచ్చిండు. "ఎట్లుంది తాతా?" అంటే, "సమానం చూడనీకి టికెట్టు పెట్టిన్రు" అన్నడు.

అయినా పెన్షన్ ఉండె. అదే అసలు ముచ్చట. నెలనెలా పడే ఆ పైసలతోటి మనవరాలు నర్సింగ్ చదివింది. దొర కాడికి అప్పుకు పోకుండ బతకటమే మా వాడల్ల ఆత్మగౌరవానికి పునాది. 2022 జూన్ 14న అగ్నిపథ్ తెచ్చిన్రు. నాలుగేండ్ల కొలువు, నూటికి ఇరవై ఐదు మందికే కొనసాగింపు, మిగతావాళ్ళకు ఒక మొత్తం చేతిల పెట్టి పంపుడు, పెన్షన్ లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ల పోరగాండ్లు మంటలు పెట్టిన్రు, పోలీసు కాల్పుల్ల ఒక పిలగాడు చచ్చిపోయిండు. రైలు తగలబెట్టుడు తప్పని అందరూ రాసిన్రు, మేమూ తప్పే అంటం. కానీ ఇరవై మూడేండ్లకు ఇంటికొచ్చే మాదిగ పిలగాడు తమ్ముణ్ణి ఏం పెట్టి చదివించాలె? వాడు నేరుగ వెంచరు గేటు కాడికే పోతడు. "దేశభక్తి" అని శవం మీద జెండా కప్పవచ్చిన పోరగాండ్లు ఈ ప్రశ్న ఒక్కసారన్న అడిగిన్రా?

ఆ రోజు కొట్లాటను ఆపింది ఆయన భార్య. "మీ జెండాలు, గుడ్డలు పక్కన పెట్టున్రి. ఆయన డప్పు కొట్టమన్నడు, తర్వాత లంగర్ పెట్టమన్నడు. ఊరంత ఒక్క వరుస" అన్నది. ఎవరూ ఎదురు మాట్లాడలే. డప్పు కొట్టుకుంటనే సాగనంపినం. దినం నాడు స్కూలు కాడ చాపలు పరిచి పప్పు, రొట్టె, అన్నం వండినం. పాస్టరు కూసున్నడు. ఊరి నుంచి చేతివేళ్ళ మీద లెక్కబెట్టేటంత మంది వచ్చి కూసున్నరు, వాళ్ళల్ల అప్పటి హోటలాయన మనుమడు ఒకడు. మిగతావాళ్ళు బియ్యం పంపి, దూరం కెళ్ళి చూసిపోయిన్రు. కాషాయ జెండా పోరగాండ్లు రాలే.

ఇప్పుడు ఆమె ఫ్యామిలీ పెన్షన్ ఆగింది. డిశ్చార్జి బుక్కుల ఆమె పేరు ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు ఉంది. రికార్డ్ ఆఫీసుకు అర్జీ రాసినం, సోమవారం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆమెను తోలుకొని పోతున్నం. ఇట్లాంటి తప్పులున్న సిపాయిల ఇండ్లు చుట్టుపక్కల ఇంకా ఉన్నయి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకొని సాయంత్రం బడి విడిచినంక మా దగ్గరికి రండి. మగడు బతికున్నప్పుడే సరిచేయించుకుంటే తిప్పలు తక్కువ.