తాడు ఎవరు లాగాలి?

"విమానంలోంచి మొట్టమొదటిసారి దూకేవాడికి భయం వెయ్యదా మాస్టారూ?"

తొమ్మిదో తరగతిలో స్వేచ్ఛాపతనం పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు అడిగిన ప్రశ్న ఇది. నాకు యాభై దాటాయి. నేను ఇంతవరకు దూకిన అతి పెద్ద ఎత్తు మా ఊరి దిగుడుబావి గట్టు! అందుచేత ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. సంక్రాంతికి ఊరు వచ్చిన నా పాత విద్యార్థి ఒకడు బడికి వస్తే అతనిచేత చెప్పించాను. అతను అమెరికాలో ఇంజనీరు. సెలవు రోజుల్లో స్కైడైవింగ్ నేర్చుకున్నాడు. అంటే పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకడం అన్నమాట.

"భయం ఎందుకు వెయ్యదు? మోకాళ్లు వణికాయి. కాని చేతులకు మాత్రం ఏం చెయ్యాలో తెలుసు" అన్నాడతను.

ఈ మాట నాకు బాగా నచ్చింది. చేతులకు ఎలా తెలిసిందో ముందు చూద్దాం.

మొదటిసారి అతను ఒంటరిగా దూకలేదు. శిక్షకుడి ఛాతీకి ఇతని వీపు ఆనించి, ఇద్దరినీ కలిపి పట్టీలతో బిగించారు. ఇద్దరి బరువూ మోసే పెద్ద పారాచూట్ శిక్షకుడి వీపుమీద ఉంటుంది. దీన్ని 'టాండెం' దూకుడు అంటారు. 1980ల తొలి సంవత్సరాల్లో వచ్చిన పద్ధతి ఇది. ఇందులో కొత్తవాడు నేర్చుకోవలసింది చాలా తక్కువ. చెప్పినట్టు కాళ్లు మడిస్తే చాలు, తక్కినదంతా శిక్షకుడే చూసుకుంటాడు.

ఆ తరువాత అసలు శిక్షణ మొదలైంది. ఒక రోజంతా నేలమీదే పాఠం. బల్లమీద బోర్లా పడుకుని నడుము ముందుకు నొక్కి, చేతులూ కాళ్లూ చాచి, ధనుస్సులా వంగడం నేర్పారు. అలా వంగితే గాలిలో దొర్లిపోకుండా పొట్ట కిందికి ఉండేట్టు నిలకడగా పడతాం. పడేటప్పుడు గాలి హోరులో మాటలు వినపడవు కాబట్టి చేతి సైగలు నేర్పారు. మణికట్టుకు కట్టిన ఎత్తు కొలిచే సాధనాన్ని మాటిమాటికీ చూడడం నేర్పారు. పారాచూట్ తెరిచే పిడిని తడుముకుని లాగడం కొన్ని పదులసార్లు చేయించారు. పూర్వం ఇది ఒక తాడు. ఇప్పుడు నడుము వెనక చేతికందే చిన్న పిడి. అలవాటు కొద్దీ నేను తాడు అనే అంటాను.

మర్నాడు సుమారు 13,000 అడుగుల ఎత్తునుంచి దూకాడు. ఈసారి ఇద్దరు శిక్షకులు చెరోవైపు అతన్ని పట్టుకుని తామూ దూకారు. కాని పారాచూట్ మాత్రం అతని వీపుమీదే ఉంది.

ఇక్కడ మీ పాఠంలోని లెక్క ఒకటి వేద్దాం. అతను తాడు లాగవలసింది 5,500 అడుగుల దగ్గర. అక్కడికి చేరడానికి దాదాపు 45 సెకన్లు పడుతుంది. ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ పోతే, 45 సెకన్లకు అది సెకనుకు 441 మీటర్లు కావాలి. అంటే ధ్వని వేగాన్ని మించాలి! కాని అతని వేగం గంటకు 190, 200 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. కారణం గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం ఇంకా జోరుగా పెరిగి, పది పన్నెండు సెకన్లలో మనిషి బరువుకు సమానమవుతుంది. ఇక వేగం పెరగదు. దీన్నే చరమవేగం అంటాం. అప్పుడు పడిపోతున్నట్టు అనిపించదట. గాలి పరుపుమీద బోర్లా పడుకున్నట్టుగా ఉంటుందట. పారాచూట్ తెరుచుకున్నాక గాలిని అడ్డగించే వైశాల్యం ఎన్నో రెట్లు పెరిగి, దిగే వేగం సెకనుకు సుమారు 5 మీటర్లకు తగ్గుతుంది. అంటే నాలుగడుగుల పైచిలుకు గోడమీంచి దూకి నేలను తాకినప్పటి వేగం.

ఇదంతా విన్న తరువాత ముందు బెంచీ అమ్మాయి ఒకతె లేచి అడిగింది: "అన్నయ్యా, ఆ తాడు మీరే లాగారా, వాళ్లు లాగారా?"

"నేనే లాగాను. పక్కన ఇద్దరున్నా లాగవలసింది నేనే. నేను మరచిపోతే వాళ్లు సైగ చేస్తారు. అప్పటికీ లాగకపోతే వాళ్లే లాగుతారు. అదీ తప్పితే, ఒక ఎత్తు దాటి ఇంకా వేగంగా పడుతున్నప్పుడు రిజర్వు పారాచూట్‌ను తనంతట తానే తెరిచే పరికరం ఉంటుంది. కాని ఇవన్నీ నేను లాగకపోతేనే!"

తెరుచుకున్నాక కూడా పని అయిపోదు. గుడ్డ పూర్తిగా విచ్చుకుందా? ఆకారం సరిగా ఉందా? తిప్పితే తిరుగుతోందా? ఈ మూడూ తనే చూసుకోవాలి. బాగా లేకపోతే పెద్ద పారాచూట్‌ను వదిలించుకుని రిజర్వు దాన్ని తెరవాలి. ఆ నిర్ణయం కూడా ఒక ఎత్తులోపలే తీసుకోవాలి. మెట్టు మెట్టుకూ శిక్షకులు చెయ్యి వదిలారు. ముందు ఇద్దరు, తరువాత ఒకరు, చివరికి ఎవరూ లేరు. కనీసం 25 దూకుళ్లు పూర్తయితే గాని అక్కడ మొదటి లైసెన్సు ఇవ్వరు.

ఒకప్పుడు మనిషి తన తాడు తాను లాగుకోగలడని చాలామంది నమ్మలేదు. అంత వేగంగా పడేవాడికి స్పృహ తప్పుతుందని, చెయ్యి ఆడదని అనుకునేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలోని డేటన్ పట్నం దగ్గర లెస్లీ ఇర్విన్ అనే అతను విమానంలోంచి దూకి, గాలిలో పడుతూ తన చేత్తో తానే తాడు లాగి చూపించాడు. దిగేటప్పుడు చీలమండ విరిగిన మాట నిజమే. కాని స్పృహా తప్పలేదు, చెయ్యీ ఆడింది. 'పడేవాడికి చేత కాదు' అనే మాట ఊహే తప్ప పరీక్షకు నిలిచింది కాదని తేలిపోయింది.

ఇక నా సంగతి చెబుతాను. పిల్లలంతా వెళ్లిపోయాక ప్రయోగశాలలో బల్లమీది పరీక్షనాళిక చేతిలోకి తీసుకుని ఆ పాత విద్యార్థి నవ్వుతూ అన్నాడు: "మాస్టారూ, హైడ్రోజన్ 'టప్' మన్న శబ్దం మీ క్లాసులోనే విన్నాను. ఇప్పటికీ జ్ఞాపకం. కాని నాళిక మాత్రం ఒక్కసారైనా పట్టుకోలేదండీ!"

అతను నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రయోగం నేనే చేస్తూ వచ్చాను. జింకు ముక్కలు నేనే వేశాను, ఆమ్లం నేనే పోశాను, మండే పుల్ల నేనే పెట్టాను. ఆమ్లం మీద పడుతుందని, గాజు పగులుతుందని, తల్లిదండ్రులు అడుగుతారని భయం. పిల్లలు చుట్టూ నిలబడి చూశారు, చప్పట్లు కొట్టారు, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నారు. అంటే నేను వాళ్లందరినీ నా ఛాతీకి కట్టుకుని టాండెం దూకించాను! తాడు ఎప్పుడూ నేనే లాగాను.

టాండెం తప్పని నేను అనను. మొదటిసారికి అది మంచిదే. కాని నూరుసార్లు టాండెం దూకినవాడికి ఒంటరిగా దూకడం రాదు. గైడులోని జవాబు బట్టీ పట్టడం, పక్కవాడి రికార్డు చూసి ఎక్కించడం, మాస్టారు చేసిన ప్రయోగాన్ని 'మేము చేశాము' అని రాయడం కూడా టాండెం లాంటివే.

"పిల్లలకు ఏమైనా అయితే?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు స్కైడైవింగ్ శిక్షకులు చూపిస్తున్నారు. ప్రమాదముందని వాళ్లు పిల్లవాడి చేతిలోంచి తాడు లాక్కోలేదు. మెట్లు కట్టారు, వెనక రిజర్వు పెట్టారు. మేమూ అలాగే చేశాం. ముందు వారం ఆమ్లానికి బదులు నీళ్లు పోసి చేతులకు అలవాటు చేశాం. తరువాత బాగా పలుచన చేసిన ఆమ్లం, అదీ కొద్దిగా. కళ్లకు అద్దాలు, పక్కన బకెట్టు నీళ్లు, జంటకు ఒక నాళిక. నేను దగ్గరే నిలబడ్డాను గాని చెయ్యి పెట్టలేదు. రెండు నాళికలు పగిలాయి. తాడు సంగతి అడిగిన అమ్మాయికి చెయ్యి వణికి మండే పుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి 'టప్' మంది. ఆ శబ్దానికి ఆమె ముఖంలో కనిపించిన వెలుగు, నేను చేసి చూపించిన ఇరవై ఏళ్లలో ఏ ముఖంలోనూ చూడలేదు.

మీలో కొందరు గొడుగు పట్టుకుని డాబామీంచి దూకి, అదే ధైర్యం అనుకుంటారు. మెట్లన్నీ వదిలేసి చివరి మెట్టుమీంచి దూకడం ధైర్యం కాదు. అసలు మెట్టే ఎక్కకుండా ఇంకొకరి వీపున వేలాడడం చదువూ కాదు. రేపు మీ మాస్టారిని అడగండి: "మాకు మెట్లు చెప్పండి, మీరు పక్కనే ఉండండి. తాడు మాత్రం మేము లాగుతాం" అని.

ఆయన కాస్త జంకితే కోప్పడకండి. నాకూ మోకాళ్లు వణికాయి.