తాతగారు రేడియో ఎందుకు మానేశారు?

ఉదయం ప్రాంతీయ వార్తలు వినందే కాఫీ ముట్టని పెద్దాయన మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఈ మధ్య ఆయన రేడియో జోలికి పోవడం లేదనుకోండి. అడిగితే "ఏముంది అందులో, అంతా గోల!" అని విసుక్కుంటారు. వయసు మీద పడింది, విరక్తి కలిగిందని మీరు సరిపెట్టుకుంటారు. కాస్త ఆగండి. తగ్గింది ఆసక్తి కాదేమో, వినికిడేమో!

"మాతో బాగానే మాట్లాడుతున్నారే" అంటారా? నిజమే. ఎదుటి మనిషి పెదవుల కదలిక, ముఖం చూసి చాలా మాటలు పోల్చుకుంటాం. రేడియోకి పెదవులు లేవు గదా! అందుకే లోపం అక్కడ ముందు బయటపడుతుంది.

వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. లోపలి చెవిలో కీచు శబ్దాలను పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి. అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. స, త, క, ప వంటి హల్లులు జారిపోతాయి. "పాలు" అన్నా "కాలు" అన్నా ఒకటే! శబ్దం వినబడుతుంది, మాట తెలియదు. ఆడగొంతుతో చదివే వార్తలు మరీ కష్టం. ఆయన ధ్వని పెంచుతారు. మోత పెరుగుతుందే గాని మాట తేటపడదు. వంటింట్లోంచి కోడలు తగ్గించమంటుంది. నాలుగు రోజులు ఈ తగువు నడిచాక, ఎందుకొచ్చిన రభస అని కట్టేస్తారు. తరువాత నలుగురిలో కూర్చోవడమూ మానేస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మతి తప్పే డిమెన్షియా జబ్బుకు దోహదం చేసే, మనం సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం 2017లోనూ, 2020, 2024లలోనూ చెప్పింది.

ముందు చెవి డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి అది గడ్డకట్టిన గులిమే కావచ్చు, తీసేస్తే సరి. మీరు మాత్రం కాచిన నూనె పోయడం, పిన్నీసుతో కెలకడం చేయకండి. గులిమి కాకపోతే ఆడియోమెట్రీ చేస్తారు, నొప్పి ఉండదు. ఒక చెవి హఠాత్తుగా వినబడడం మానేస్తే మాత్రం ఆ రోజే వెళ్ళాలి. ఆలస్యమైనకొద్దీ మందులు పనిచేసే అవకాశం తగ్గుతుంది.

వినికిడి యంత్రం పెట్టిన మొదటిరోజే ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు భరించలేక పెట్టెలో పడేసేవారు చాలామంది. కళ్ళజోడులా పెట్టగానే కుదిరేది కాదది. మెదడు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకు రేడియోను మించిన సాధన లేదు. ఫ్యాను కట్టేసి, రేడియో దగ్గరగా కూర్చోబెట్టండి. స్టేషను గరగరమంటుంటే ఫోనులోనూ ఆకాశవాణి వస్తుంది. ముందు ఆయనకు కంఠతా వచ్చిన పాత పాటలు, తరువాత వార్తలు, బాగా అలవాటయ్యాక నాటకం. రోజూ పది నిమిషాలు చాలు. అయ్యాక "వార్తల్లో ఏం చెప్పారండీ?" అని అడగండి. పరీక్ష పెట్టినట్టు కాదు సుమా, పనిలో పడి మీరు వినలేకపోయినట్టు.