లాభాల వాటా వచ్చింది, స్విఫ్ట్‌కు సైలెన్సర్ కావాలట

సింగరేణి లాభాల వాటా పడ్డ వారం గోదావరిఖనిలో బంగారం దుకాణాలు ఎట్లా కళకళలాడతాయో, కార్లకు సోకుల సామాను అమ్మే దుకాణాలు కూడా అట్లాగే కళకళలాడతాయి. 2024లో విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన కంపెనీ లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. ఒక్కొక్కరికి సగటున లక్షా తొంభై వేలు. బాయిలకు దిగి బొగ్గు దుమ్ము మింగినోళ్ల హలాల్ కమాయి అది. పైసలు చేతికి రాకముందే మన ఇళ్లల్లో దాని హిసాబ్ రాసి ఉంటుంది: బిడ్డ నికా, ఇంటి మీద ఇంకో గది, అమ్మీ ఉమ్రా. మా ఆపా ఇంట్లో ఆ జాబితాలోకి ఒక పాత స్విఫ్ట్ కూడా చేరింది.

"మామూ, ఆటోక్రాస్‌కు తయారు చేస్తా, అరవై వేలు చాలు" అన్నాడు భాంజా. వాడు ఫోన్లో చూపించిన జాబితాలో మోత మోగే సైలెన్సర్, పెద్ద అలాయ్ చక్రాలు, వెనక ఒక రెక్క, నీలం లైట్లు ఉన్నాయి. దులేభాయ్ నా వైపు చూశాడు, చదువుకున్నోడివి నువ్వే నసీహత్ చెయ్యి అన్నట్టు. ఇదంతా ఫుజూల్ ఖర్చీ అని నేను ఒక్క మాటలో కొట్టిపారేస్తానని ఆయన ఉమ్మీద్. నేను కొట్టిపారెయ్యలేదు. షౌక్ మీద నాకు ఏతరాజ్ లేదు, జాబితా మీదనే ఉంది.

ఆటోక్రాస్ అంటే ఏందో ముందు ఇంటి పెద్దలకు చెప్పాలి. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి వంకరటింకర దారి చేస్తారు. ఒక్కసారి ఒక్క కారే పోతుంది. గడియారంతోనే పోటీ, పక్క కారుతో కాదు. ఎక్కువసేపు రెండో గేరులోనే నడుస్తుంది. అమెరికా క్లబ్బుల్లో కోన్ తగిలితే రెండు సెకన్లు కలుపుతారు. అక్కడ వారమంతా ఆఫీసుకు తీసుకపోయే కారునే ఆదివారం తెచ్చి ఆడేవాళ్లు వేలమంది. మన దేశంలో మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఈ పోటీలకు నియమాలు పెడుతుంది, ఎక్కువగా మట్టి నేల మీద జరుగుతుంటాయి. ఇంకో ముచ్చట: 2019లో రోమ్ దగ్గర వల్లెలుంగాలో జరిగిన ప్రపంచ మోటార్ క్రీడల్లో ఈ కోన్ల పోటీకి ప్రతి జట్టులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండాలని నియమం పెట్టారు. ఇది వింటూనే భాంజీ లోపలి నుంచి తల బయట పెట్టింది. ఆపా మళ్లీ లోపలికి పంపింది గానీ, ఆ బహస్ ఇంకా అయిపోలేదు.

"ఇదంతా దీన్‌లో ఉందా?" అని దులేభాయ్ అడిగాడు. ఉంది. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం గుర్రాల పందెం పెట్టించారని బుఖారీలో రివాయత్ ఉంది. తయారు చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా, అంటే ఐదారు మైళ్లు. తయారు కాని గుర్రాలకు అక్కడి నుంచి బనూ జురైఖ్ మస్జిద్ దాకా ఒక్క మైలే. స్వారీ చేసినవాళ్లలో హజ్రత్ ఇబ్నె ఉమర్ ఒకరు. ఇవాళ ఆటోక్రాస్‌లో మార్పులు చేసిన కార్లను ఒక తరగతిలో, చెయ్యని కార్లను ఇంకో తరగతిలో పెట్టే ఇన్సాఫ్ ఇదే.

ఇంకా పెద్ద సంగతి ఆ తయారీలో ఉంది. దాన్ని తజ్మీర్ అంటారు. గుర్రానికి ముందు బాగా మేపి, తర్వాత మేత తగ్గించి, పైన గుడ్డలు కప్పి చెమట పట్టిస్తారు. కొవ్వు కరిగి కండ మిగులుతుంది. అంతే. గుర్రానికి కొత్తగా తగిలించింది ఏమీ లేదు. మన పిలగాండ్లు మాత్రం కారుకు తగిలించుకుంటూ పోతున్నారు.

ఒక హద్దు మాత్రం మరిచిపోవద్దు. ఆడేవాళ్లంతా తలా ఇంత వేసి గెలిచినోడు మొత్తం తీసుకుంటే అది ఖిమార్, జూదం. ఇనాము బయటివాళ్లు ఇస్తే ఉలమా జాయజ్ అంటారు. ఎంట్రీ ఫీజు మైదానం ఖర్చుకే పోతుందా, ఇనాములోకి పోతుందా అన్నది కట్టేముందు అడగండి. సందేహముంటే మీ ముఫ్తీ సాబ్‌కు చూపించండి.

జుమా తర్వాత భాంజాను మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి తీసుకపోయిన. జాబితా చూసి ఉస్తాద్ నవ్విండు. "ఆవాజ్ సే గాడీ భాగ్తీ క్యా మియా?" అన్నడు. పెద్ద చక్రం బరువెక్కువ, దాన్ని తిప్పాలన్నా ఆపాలన్నా ఇంజన్‌కు, బ్రేకుకు ఎక్కువ తకలీఫ్. చిన్న ఇంజన్‌కు ఎంత మోతగల సైలెన్సర్ పెట్టినా పెరిగే జోరు నామ్ కే వాస్తే. తర్వాత బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి చూపించిండు. లోపల డికాషన్ తీరు నల్లగా ఉంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేకు మళ్లీ మళ్లీ తొక్కితే వేడికి ఆ తేమ మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సింది. ఈ కారుకు కొన్నప్పటి నుంచి ఎవరూ మార్చలేదు. అంటే ఆపా కుటుంబమంతా పెద్దపల్లి, కరీంనగర్ తిరిగింది ఆ బ్రేకు మీదే.

నేను ఎక్కువగా చెప్పదలచింది ఇక్కడే. ఉస్తాద్ రాసిచ్చిన పని మొదట ఇంటికి పనికొస్తుంది, ఆటకు తర్వాత. కొత్త బ్రేకు ఆయిల్, బ్రేకు ప్యాడ్లు. చక్రాల అలైన్‌మెంట్. బ్యాటరీ కదలకుండా బిగింపు. చక్రాల నట్లు సరైన బిగువులో. పైసలు మిగిలితే, కారుకు కంపెనీ చెప్పిన సైజులోనే నాలుగు మంచి టైర్లు. నేలను పట్టుకునేది అవే కదా, ఎక్కువ పైసలు వాటికే పోవాలి. ఆట రోజు స్టెప్నీ, జాకీ, చాపలు, నీళ్ల సీసాలు అన్నీ దించెయ్యాలి. సీసా దొర్లి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టైరు అంచు మీద చాక్‌పీసుతో గీత గీసి ఒక చుట్టు తిప్పితే, గీత ఎంత మేర చెరిగిందో చూసి గాలి పెంచాల్నా తగ్గించాల్నా తెలుస్తుంది. దీనికి ఖర్చు ఒక చాక్‌పీసు. ఇక సీటు. వీపు ఆనించి కూర్చుంటే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. భాంజా సినిమా హీరో తీరు పండుకొని నడుపుతున్నాడు, అది మానాలి. ఆటకు ముందు దారంతా కాలినడకన తిరిగి చూడాలి. ఇది బాయి పని చేసే ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. డంపర్ ఎక్కే ఆపరేటర్ షిఫ్ట్ మొదట్లో బ్రేకు, స్టీరింగ్, హారన్ చూసుకుంటాడు. తండ్రి బాయిలో పాటించే ఉసూల్ కొడుకు రోడ్డు మీద ఎందుకు మరుస్తాడు?

కానూను కూడా ఉస్తాద్ పక్షమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 189వ సెక్షన్ రోడ్డు మీద పందేలకు జరిమానా, జైలు రెండూ చెబుతుంది.

జైలు భయంతో ఆగే వయసు కాదని నాకు తెలుసు. మూడేళ్ల కింద మా మొహల్లా నుంచి ఒక ఇరవై ఏళ్ల పిలగాడి జనాజా లేచింది. రాజీవ్ రహదారి మీద అర్ధరాత్రి దోస్తులతో పందెం, ముందు బూడిద లారీ. ఆ కారుకు నీలం లైట్లు వెలుగుతూనే ఉన్నాయని చూసొచ్చినోళ్లు చెప్పారు. వాళ్ల అమ్మీ ఇప్పటికీ రాత్రి మా గల్లీలో ఏ కారు మోగినా తలుపు తీసి చూస్తుంది.

ఆ పిలగాండ్లకు రోడ్డు వద్దు అంటాం సరే. మరి జాగా ఏది? 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున దాదాపు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు రోడ్డు మూసి విదేశీ కార్లను పరుగెత్తించారు. మనకు అంత వద్దు. అమెరికా జాతీయ పోటీ జరిగేది నెబ్రాస్కాలో లింకన్ అనే ఊరి పాత ఎయిర్‌ఫీల్డ్ కాంక్రీటు మీద. మన పక్కనే బసంత్‌నగర్‌లో వాడకం లేని రన్‌వే ఉంది. ఒకప్పుడు వాయుదూత్ విమానం దిగేదని పెద్దలు చెబుతారు. అది కుదరకపోతే సింగరేణి మైదానాల్లో ఒకటి నెలకు ఒక్క ఆదివారం, ఫజర్ తర్వాత నాలుగు గంటలు చాలు. కోన్లు, అంబులెన్స్, మంటలార్పే సిలిండర్, హెల్మెట్ లేనిదే లోపలికి రానియ్యని ఒక గట్టి మనిషి. క్రికెట్‌కు, కబడ్డీకి మైదానం ఇచ్చే కంపెనీ దీనికీ ఇవ్వగలదు, అడిగేవాళ్లు ఉంటే. ఇది మనవాళ్ల ఒక్కరి మాట కాదు, క్వార్టర్లలో ఉండే ప్రతి ఇంటి మాట.

భాంజా జాబితా ఇప్పుడు పదహారు వేలకు దిగింది, టైర్లు కాకుండా. రెక్క పోయింది. నీలం లైట్ల మీద ఇంకా జిద్దు చేస్తున్నాడు. హెల్మెట్ ఆపా కొనిస్తానంది.

సింగరేణి జనరల్ మేనేజర్‌కు, జిల్లా కలెక్టర్‌కు మైదానం కోసం అర్జీ రాసి పెట్టిన. వచ్చే జుమా నమాజ్ తర్వాత మసీదు బయట నిలబడతాను. పిలగాండ్ల దస్తఖత్‌లు నా దగ్గర చాలా ఉన్నాయి. అమ్మీ అబ్బాలవి కావాలి.