లెక్కలు వ్రాసిపెట్టు సహోదరుడు



సుంకరి అనగానే మనకు మత్తయియు, యెరికో పట్టణపు జక్కయ్యయు జ్ఞాపకమునకు వత్తురు. సుంకపు మెట్టు అనగా ఏమిటని సండేస్కూలు పిల్లలు అడిగినప్పుడు మేము కలపర్రు టోల్ గేటు పేరు చెప్పుదుము. ఏలూరు బస్సెక్కిన ప్రతి బిడ్డయు దానిని ఎరుగును గనుక మరి వివరించనక్కరలేదు. సుంకము వసూలు చేయువారిని గూర్చి మనము చాల ప్రసంగములు విన్నాము. సుంకము కట్టవలసినవారి తరఫున కూర్చుండి లెక్కలు వ్రాసిపెట్టువానిని గూర్చి ఎవరును ప్రసంగింపరు. ఈ నెల మేము వ్రాయబోవునది అట్టివానిని గూర్చియే.

మా పెదపాడు ప్రాంతపు సంఘ యౌవనుడొకడు బి.కాం. చదివి, ఏలూరులో చిన్న గది అద్దెకు తీసికొని, ఉపాధ్యాయులకు, పింఛనుదారులకు, చేపల చెరువుల రైతులకు ఆదాయపు పన్ను రిటర్నులు వ్రాసిపెట్టుచున్నాడు. అందరును అతనిని ఆడిటరుగారు అని పిలుతురు. తాను ఆడిటరును కానని, సి.ఏ. పరీక్ష వేరని అతడే చెప్పును గాని వినువారెవరు?

జీతగాండ్ల రిటర్నులకు సాధారణముగా గడువు జూలై 31. మన డెల్టాలో అది నాట్లు పడు కాలము. ఏప్రిల్, మే నెలలలో అతని గదిలో ఫ్యాను తిరుగుచుండును గాని మనిషి ఉండడు. జూలై 25 దాటిన పిదప మెట్ల మీద చెప్పులు పట్టవు. ఒకరు ఫారం 16 లేకుండ వత్తురు. ఒకరు బ్యాంకు పాసుపుస్తకము తెత్తురు, అందులో ఆరు నెలల నుండి ఎంట్రీలే వేయించి యుండరు. మరియొకరు పళ్ల కొట్టు సంచిలో కాగితములన్నియు కుక్కి బల్లమీద బోర్లించి, "అన్నీ ఇందులోనే ఉన్నాయండి, మీరే చూసుకోండి" అందురు. ఆ సంచిలో కరెంటు బిల్లు దొరకును, పెండ్లి శుభలేఖ దొరకును, కావలసినది మాత్రము దొరకదు. అందరును ఒక్కసారే వచ్చిపడుటచేత ఆదాయపు పన్ను వారి సైటు కూడ చివరి దినములలో తాబేలువలె నడచును. 2021 జూన్ 7న క్రొత్త పోర్టల్ తెరచినప్పుడు అది నెలల తరబడి మొరాయించగా గడువును ఆ సంవత్సరము డిసెంబరు 31 వరకు పొడిగింపవలసి వచ్చెను. 2025లో గడువును సెప్టెంబరు 15కు మార్చి, చివరి క్షణములో ఇంకొక దినము కలిపిరి. ఇట్లు పొడిగించుట మేలే గాని, అప్పటి నుండి మనవారు "ఎలాగూ పెంచుతారుగా" అని మరింత నెమ్మదించుచున్నారు.

ఇక ఓటీపీ సంగతి. రిటర్ను పంపుటతో పని ముగియదు, 30 దినములలో దానిని ధృవీకరింపవలెను. 2022 ఆగస్టు 1కి ముందు ఇందుకు 120 దినములు ఉండెడివి. ధృవీకరణకు ఆధార్‌తో జతపరచిన ఫోనుకు ఆరు అంకెలు వచ్చును. ఆ ఫోను ఎక్కడున్నది? మన గోదావరి జిల్లాల కుటుంబములలో ఎందరో కువైట్‌లో ఉన్నారు. తండ్రి రిటర్ను ఏలూరులో, ఫోను నంబరు కువైట్‌లో పనిచేయు కుమార్తె చేతిలో. అక్కడ ఆమె యజమానుల ఇంట పని ముగించుకొని ఫోను ఎత్తువరకు ఇక్కడ అంకెల గడువు తీరిపోవును. మరల పంపింపవలెను, మరల ఫోను చేయవలెను. ఒకే రిటర్ను నిమిత్తము మూడు రాత్రులు మేలుకొంటినని ఆ తమ్ముడు మాతో చెప్పెను.

మా సంఘములోని ఒక పెద్దమ్మగారి సంగతి ఇక్కడ వ్రాయవలెను. ఇది క్రైస్తవ కుటుంబములకు ప్రత్యేకముగా వచ్చు చిక్కు. ఆమె భర్త రైల్వేలో పనిచేసి మరణించగా వచ్చిన సొమ్మును ఆమె బ్యాంకులో డిపాజిటు చేసికొన్నారు. 2024లో ఒక దినమున పాసుపుస్తకము చూపించుకొనగా వడ్డీలో 12,000 రూపాయల పైచిలుకు తగ్గియున్నది. కౌంటరులోని అబ్బాయి తీసికొనెనని ఆమె అనుమానము. ప్రార్థన మనవులలో కూడ ఆ మాట చెప్పిరి, పేరు మాత్రము చెప్పలేదు.

ఆ అబ్బాయి ఏమియు తీయలేదు. ఆమె పాన్ కార్డు మీద రైల్వే కాగితములలోని పాత పేరున్నది. ఆధార్ మీద బాప్తిస్మపు పేరున్నది. పేర్లు కలియనందున రెండును జతపడలేదు. ఆధార్‌తో జతపడని పాన్ కార్డులు 2023 జూలై 1 నుండి పనిచేయనివిగా లెక్కింపబడినవి. సాధారణముగా వడ్డీ మీద 10 శాతము కోయుదురు, పాన్ పనిచేయనియెడల 20 శాతము. పన్ను పడదు గనుక కోయవద్దని ఆమె ఇచ్చిన ఫారం 15హెచ్ కూడ అందుచేతనే చెల్లకపోయెను. ముందు పాన్ కార్డులో పేరు మార్పించవలెను, దానికి ఋజువులు కావలెను, పిదప 1,000 రూపాయల రుసుము కట్టి జతపరచవలెను, అది పనిచేయువరకు ఆగవలెను, అప్పుడు గాని రిటర్ను వేసి సొమ్ము అడుగుటకు వీలులేదు. ఆ తమ్ముడు ఇవన్నియు ఆమెకు నాలుగు సారులు విడమరచి చెప్పెను. నాలుగు సారులు విని ఆమె, "అదంతా సరే బాబూ, మరి నా డబ్బులు ఎవరు తీశారు?" అని అడిగిరి.

క్రిస్మసుకు ముందు వారములో రిటర్ను వెళ్లినది. ఫిబ్రవరిలో సొమ్ము ఆమె ఖాతాలో పడినది. అతడు ఫీజు పుచ్చుకొనలేదు, ఆమె ఊరకుండక ఒక జాడీ మాగాయ పంపించిరి. మనలో బడి రికార్డులో ఒక పేరు, సంఘ రిజిస్టరులో ఒక పేరు, పాసుపుస్తకములో ఇంకొక పేరు ఉన్నవారు ఎందరో. దానికి కారణములు ఎవరివి వారికి తెలియును, మేమిక్కడ తరచి అడుగుట లేదు. ఆధార్ మీద ఏ పేరున్నదో పాన్ మీదను, బ్యాంకులోను అక్షరము పొల్లుపోకుండ అదే పేరున్నదో లేదో ఈ రాత్రియే చూచుకొనుడి.

కొల్లేటి వైపు చెరువుల రైతులతో వేరొక తగవు. వ్యవసాయపు ఆదాయమునకు కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. "భూమి నాది, నీళ్లు కాలువవి, చేపకు మేత నేనే వేశాను, ఇది వ్యవసాయం కాదంటావేంటి?" అని రైతు కోపించును. వినుటకు న్యాయముగానే ఉండును. అయితే చట్టము వ్యవసాయమనునది నేలను సాగుచేయుట, దాని పంటను గూర్చియే. చేపల పెంపకము వ్యాపారముగానే లెక్కకు వచ్చును. ఆ గట్టుకు ఈవల వరి పండించినవానికి పన్ను లేదు, ఆవల చేప పెంచినవానికి ఉన్నది. ఈ సంగతి రైతుకు చెప్పినప్పుడెల్ల తానే పన్ను వేసినట్లు చూతురని ఆ తమ్ముడు నవ్వుచు అనును. తవుడు, చెక్క అప్పు మీద తెత్తురు, కూలీలకు రొక్కము ఇత్తురు, బిల్లు ఒక్కటియు ఉండదు. చిన్న వ్యాపారికి చట్టము ఒక సుళువు ఇచ్చినది: అమ్మకములు 2 కోట్ల లోపు ఉన్నయెడల పుస్తకములు లేకపోయినను అమ్మకములో 8 శాతము, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతము లాభమని చూపవచ్చును. ఒక రాత్రి మబ్బు పట్టి, ఆక్సిజన్ అందక చెరువంతయు తేలిపోయిన సంవత్సరమున ఈ సుళువు అక్కరకు రాదు. నష్టము వచ్చినదని చూపవలెనన్న పుస్తకములు వ్రాసియుండవలెను. చచ్చిన చేపలకు రశీదు ఎవరిత్తురు? ఈ ప్రశ్నకు ఆ తమ్ముని యొద్ద జవాబు లేదు, మా యొద్దను లేదు.

బ్యాంకు అప్పు కావలసినవాడు మూడు సంవత్సరముల రిటర్నులు ఒక్కసారే వేయుమని, ఆదాయము ఎక్కువ చూపుమని అడుగును. అతడే మరుసటి వారము బియ్యము కార్డు పోవునేమోనని భయపడుచు వచ్చును. ఈ భయము ఉత్తది కాదు. 2019 డిసెంబరులో మన రాష్ట్రము పింఛనులకు పెట్టిన అర్హతలలో, ఇంటిలో ఎవరును ఆదాయపు పన్ను చెల్లించువారై ఉండరాదను షరతు ఉండెను. పి.ఎం. కిసాన్ సొమ్మునకును అట్టి షరతే ఉన్నది. రిటర్ను వేయుట వేరు, పన్ను చెల్లించుట వేరు. సున్న పన్నుతో రిటర్ను వేసినవాడు పన్ను చెల్లించువాడు కాడు. కాని అప్పు కొరకు లేని ఆదాయము చూపి దానిమీద పన్ను కట్టినవాడు తన తల్లి పింఛనుకు తానే అడ్డుపడును.

ఇప్పుడు చెప్పుటకు కష్టముగానున్న సంగతి. పట్టణములలో కొందరు, కోసిన పన్నంతయు తిరిగి ఇప్పించెదము, వచ్చినదానిలో మాకింత ఇయ్యుడి అని బేరములాడుచున్నారు. లేని ఇంటి అద్దె, చెల్లింపని భీమా, ఇయ్యని విరాళము వ్రాసి పంపుదురు. మొదటి సంవత్సరము సొమ్ము వచ్చును కూడ. స్టాఫు రూములో ఆ మాట పొక్కును. "నీకెంత వచ్చింది? నాకేమీ రాలేదేంటి?" అని, న్యాయముగా లెక్క వ్రాసినవాని మీదికి వత్తురు. ఆ తమ్ముడు అట్లు వ్రాయననుటచేత ఒక్క సంవత్సరములో ఒకే పాఠశాల నుండి పదకొండు మంది అతనిని విడిచిపోయిరి. వారిలో నలుగురు మన విశ్వాసులే. గది అద్దె ఆ నెల ఆలస్యమైనదని అతని భార్య మా ఇంటిలో చెప్పిరి.

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖవారు ఇట్టి తప్పుడు తగ్గింపుల మీద దేశమందు అనేక చోట్ల తనిఖీలు చేసిరి. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సరిచేసికొని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు విడిచిరని వారే ప్రకటించిరి. పట్టుబడినప్పుడు, వ్రాసినవాడు వేరొకడని తప్పించుకొనుటకు వీలులేదు, రిటర్ను ఎవరి పేరున వెళ్లెనో వారే ఉత్తరవాదులు. తప్పు చూపి ఎగవేసిన పన్నుకు 200 శాతము వరకు జరిమానా పడును.

ఇది మా ఇంటి గుమ్మము వరకును వచ్చినది. ఒక విశ్వాసి, గౌరవముగల ఉద్యోగస్థుడు, సంవత్సరములో సంఘమునకు 5,000 రూపాయలు ఇచ్చి, 50,000 రూపాయలకు రశీదు అడిగిరి. "అయ్యగారూ, మీకు పోయేదేముంది? కాగితమే కదండీ" అనిరి. మేము ఇయ్యలేదు. పన్ను తగ్గింపు దొరకు విరాళములకు అనుమతి పొందిన సంస్థయే రశీదియ్యవలెను, కేవలము మత సంబంధమైన దానికి ఆ అనుమతి రాదు, రొక్కముగా 2,000 దాటిన విరాళము లెక్కకే రాదు, 2021-22 నుండి ఆ సంస్థలు ఎవరెంత ఇచ్చిరో శాఖకు పంపవలసియున్నది అని చెప్పి చూచితిమి. చట్టము సంగతి వారు విన్నారు. ఆ రశీదు పుస్తకముమీద కానుకపెట్టెలో రూపాయి వేసిన విధవరాండ్ర పేర్లు కూడ ఉన్నవని చెప్పినప్పుడు మాత్రము లేచి వెళ్లిపోయిరి. వారి కుటుంబము ఇప్పుడు వేరొక ఊరి కూడికకు వెళ్లుచున్నదని తెలిసినది. వారి పిల్లలు క్రిస్మసు నాటికలో ఎప్పుడును ఉండెడివారు. ఆ స్థలములు ఇంకను ఎవరికిని ఇయ్యలేదు.

ఇంకొక మాట. 2025-26 నుండి క్రొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయముగలవారికి సాధారణముగా పన్నే పడదు. జీతగాండ్లకు మినహాయింపు కలుపుకొని 12,75,000 వరకు. మన ఉపాధ్యాయులలో చాలమందికి ఇక అబద్ధము వ్రాయించుకొనవలసిన అవసరమే లేదు. ఇంతకు ముందు వ్రాయించుకొన్నవారికి కూడ ఒక ద్వారము తెరచియున్నది. 2022లో మొదలైన అప్‌డేటెడ్ రిటర్ను అనుదానిని వేసి, ఎగవేసినదానిని వడ్డీతో కట్టవచ్చును. 2025 ఏప్రిల్ నుండి దీనికి నాలుగు సంవత్సరముల వరకు వ్యవధి ఇచ్చిరి. మొదటి సంవత్సరములో సరిచేసికొన్నయెడల 25 శాతము అదనము, ఆలస్యమైనకొలది 50, 60, 70 శాతము. జక్కయ్య నాలుగంతలు ఇచ్చుటకు ఒప్పుకొనెను, మన ప్రభుత్వము అంత అడుగుట లేదు. విచారణ మొదలైన పిదప సాధారణముగా ఈ ద్వారము మూయబడును గనుక ఆలస్యము చేయకుడి.

వచ్చే మే నెల రెండవ ఆదివారము ఆరాధన తరువాత ఆ తమ్ముడు మందిరపు వరండాలో కూర్చుండి పెద్దవారి కాగితములు ఉచితముగా చూచెదనని మాట ఇచ్చెను. పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకము ఎంట్రీలు వేయించి తెండి. బెంగుళూరు నుండి ఇంగ్లీషులో ఏవైన ఉత్తరములు వచ్చియున్నయెడల భయపడి దాచక తెండి, వాటిలో చాల భాగము రిటర్ను చూచితిమని తెలుపు కాగితములే. ఫోను ఎవరి చేతిలో ఉన్నదో వారిని కూడ వెంటబెట్టుకొని రండి. కువైట్‌లో ఉన్నవారికి ఆ దినమున పని కొంచెము ముందు ముగించుకొనుమని శనివారమే కబురు పంపుడి.