పంపు బాగానే ఉంది కదా సిస్టర్!



ప్రోగ్రాము మార్చాలని సెలైన్ పంపును వార్డు నుండి తీసుకుపోతుంటే బంధువులు "బాగానే ఉంది కదా సిస్టర్" అంటుంటారు. అడగడం న్యాయమే. గంటకు ఎన్ని ఎం.ఎల్. వెళ్ళాలో మోటారుకు చెప్పేది లోపలి బోర్డులోని ప్రోగ్రామే. దానిలో లోపం బయటపడితే కంపెనీ సరిచేసినది పంపుతుంది. అది ఎక్కుతుండగా కరెంటు పోతే కొన్ని మిషన్లు తర్వాత ఆన్ కూడా కావు. కాబట్టి రోగికి తగిలించి ఉండగా మార్చడానికి మేము ఒప్పుకోము, ఇంజనీరుగారు ఎంత తొందరపెట్టినా సరే. కొత్తది ఎక్కకపోతే పాత ప్రోగ్రాముతోనే నడిచే మిషన్లు కొనాలని కూడా మా అభిప్రాయం, ధర కొంచెం ఎక్కువైనా.

పేస్‌మేకరును తీసి పక్కన పెట్టలేము కదా! 2017లో అమెరికాలో ఒక కంపెనీవి సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు ఇలాంటి మార్పు అవసరమైంది. బయటివారు వాటిలోకి చొరబడే వీలుందని తేలింది. ఆపరేషన్ లేదు, సుమారు 3 నిమిషాల పని. ఆ కాసేపు గుండె నిమిషానికి 67 సార్లు కొట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది. అయినా ఇంట్లో కాదు, ఆసుపత్రికే రమ్మన్నారు.

మేమైతే ప్రోగ్రాము మార్చిన పంపును గంటకు 60 ఎం.ఎల్. మీద పెట్టి కొలగ్లాసులోకి వదులుతాము. 10 నిమిషాలకు 10 ఎం.ఎల్. రావాలి, అలారం మోగాలి. అప్పుడే అది మంచం దగ్గరకు వస్తుంది. అంతవరకు సిస్టరు గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెడుతుంటే, దయచేసి ఆమెను మాటల్లో పెట్టకండి.