నట్టింటికి మాట చేరవలెను

కార్తికమాసమున శివాలయములందు ధ్వజస్తంభము పైకి ఆకాశదీపమును ఎత్తుదురు. ఊరిలో ఎచ్చట నిలిచి చూచినను ఆ దీపము కన్పట్టును. పొలమునుండి చీకటిలో తిరిగి వచ్చువానికి అది ఊరి జాడ తెలుపును. కాని ఆ వెలుగులో ఏ యిల్లాలును వంటయింటిలోని పోపులపెట్టెను వెదకుకొనజాలదు. అందులకు ఇంటిలో వేరొక దీపము వెలిగింపవలసినదే. ఆకాశదీపమున్నది గదా యని ఇంటిదీపమును ఆర్పుకొన్నవారు లేరు.

నేడు ఊరూర నిలిచియున్న సెల్‌టవరులు మన కాలపు ఆకాశదీపములు. అవి వీధికి, పొలమునకు, రహదారికి మాటను అందించుచున్నవి. నట్టింటికి మాత్రము అన్నివేళల అందింపజాలకున్నవి. కావున ఇంటిదీపము వంటి చిన్న ఏర్పాటొకటి ఫోనునకును కావలెను. అది కొందరి సౌఖ్యము కొరకు కాదు, ప్రతి కుటుంబము యొక్క క్షేమము కొరకు కావలెనని నా అభిప్రాయము.

శంషాబాదులో మా వీధిలో కొంతకాలము క్రిందట జరిగిన సంగతి చెప్పెదను. ఒకనాటి రాత్రి ఒక వృద్ధురాలు వెనుకగదిలో కాలుజారి పడెను. ఇంటిలో ఆమెయు, తొమ్మిదవ తరగతి చదువుచున్న మనుమడును మాత్రమే యుండిరి. బాలుడు వెంటనే 108కి ఫోను చేసెను. ఫోను కలియలేదు. గదినుండి వసారాకును, వసారానుండి డాబామీదికిని పరుగెత్తెను. అక్కడ మాట కలిసెను. "బాబూ, ఆమెకు తెలివి యున్నదా? రక్తము కారుచున్నదా?" అని అవతలివారు అడిగిరి. చూచి చెప్పుదమని క్రిందికి దిగగానే మాట తెగిపోయెను. మరల పైకి ఎక్కెను. మరల మొదటినుండి చిరునామా చెప్పెను. ఇట్లు మూడుమార్లు మెట్లెక్కి దిగిన పిమ్మట వాహనము వచ్చెను. ఆ తల్లి కోలుకొనెను. మరునాడు ఆ బాలుడు నన్ను చూచి, "సార్, మా ఇంటి మీదుగా పోవు విమానములోని పైలటు మాట ఆకాశమునుండి భూమికి చేరుచున్నది. మా నాయనమ్మ గదిలోని మాట వీధి దాటదేమి?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానము గోడలోనే యున్నది. పైలటునకును కంట్రోలు టవరునకును నడుమ అడ్డుగోడ లేదు. ఇంటిలోని ఫోనునకు నలువైపుల గోడలే. రేడియో తరంగములు గోడను దాటలేవని కాదు. 1895లో కలకత్తా టౌన్‌హాలునందు జగదీశచంద్ర బోసు అట్టి తరంగములను గోడల గుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును అంటించి చూపెను. అయితే తరంగము గోడను దాటునపుడు తన బలములో కొంత గోడకు సుంకముగా చెల్లించును. పొడవైన తరంగము తక్కువ సుంకముతో బయటపడును. పొట్టి తరంగము ఎక్కువ చెల్లించుకొనును. 900 మెగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 2022 అక్టోబరు 1న మన దేశమున ఆరంభమైన ఐదవతరము సేవ ముఖ్యముగా వాడుకొను 3,300 మెగాహెర్ట్జులకు పైబడిన తరంగముల పొడవు దాదాపు 9 సెంటీమీటర్లే. అవి వార్తను వేగముగా మోయును గాని, గోడయెదుట త్వరగా అలసిపోవును.

అదియుగాక మన యిండ్లును మారినవి. పెంకుటిండ్ల స్థానమున ఇనుపకడ్డీలతో పోసిన కాంక్రీటు కప్పులు వచ్చినవి. ఎండవేడిమి రాకుండ లోహపు పూత పూసిన అద్దములు వచ్చినవి. ఇనుమును, లోహపు పూతయు రేడియో తరంగమును వెనుకకు త్రిప్పికొట్టును. విమానముల చప్పుడునకు కిటికీలు మూసికొను ఇంటిలోనికి గాలియే రాదు, తరంగమునకు దారి యెక్కడిది?

శంషాబాదునకు మరియొక విశేషము కలదు. 2008 మార్చి 23 నుండి ఇక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునందు విమానముల రాకపోకలు సాగుచున్నవి. దాని ప్రధానమైన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. విమానము దిగు త్రోవలో ఎత్తైన స్తంభము ఉండరాదు. అందుచేత విమానాశ్రయముల చుట్టును చాల దూరమువరకు ఏ కట్టడమైనను ఎంత ఎత్తు లేవవచ్చునో నిర్ణయించు నిబంధనలను కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రకటించెను. సెల్‌టవరులకును ఆ కొలతయే. ఇంతియేకాక విమానము నేలకు ఎంత ఎత్తున నున్నదో కొలుచు పరికరము 4,200 నుండి 4,400 మెగాహెర్ట్జుల తరంగములతో పనిచేయును. దానికి చెరుపు కలుగకుండుటకై రన్‌వే రెండు కొనలనుండి 2.1 కిలోమీటర్ల వరకును, నడిమిగీతకు ఇరువైపుల 910 మీటర్ల వరకును 3,300 నుండి 3,670 మెగాహెర్ట్జుల ఐదవతరము కేంద్రములను నెలకొల్పరాదని 2022 నవంబరులో దూరసంచారశాఖ ఆదేశించెను.

ఈ కట్టుబాట్లను నేను నిందింపను. విమానములోని వందలమంది ప్రాణములకంటె మన ఫోను మాట గొప్పది కాదు. కాని టవరు ఎత్తు పెంచుటకు వీలులేని చోట, ఇంటి గోడ దళసరియైన చోట, "ఇంకను పెద్ద టవరు కావలె"నని కోరుటవలన ప్రయోజనమేమి? బయటి దీపమును పెంచుటకు మారుగా లోపల చిన్నదీపము పెట్టుకొనుటయే తెలివి.

అట్టి చిన్నదీపము ఇప్పటికే యున్నది. దానిని ఫెంటోసెల్ అందురు. ఫెంటో యనగా, ఒకటి ప్రక్కన పదునైదు సున్నలు చేర్చిన సంఖ్యతో ఒకటిని భాగించిన వచ్చు అతిస్వల్పభాగము. పెద్ద టవరుతో పోల్చిన ఇది అంత చిన్నదని చెప్పుటకే ఆ పేరు పెట్టిరి. చూచుటకు పుస్తకమంత పెట్టె. ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు తీగకు దానిని తగిలింతురు. ఫోను కొన్ని అడుగుల దూరమునందలి ఆ పెట్టెతో మాటాడును. పెట్టె ఆ మాటను తీగమీదుగా ఫోను సంస్థకు చేర్చును. మాట గోడను దాటవలసిన పనియే లేదు. 2008లో అమెరికాలో స్ప్రింటు సంస్థయు, 2009లో ఇంగ్లండులో వోడాఫోను సంస్థయు ఇట్టి పెట్టెలను గృహస్థులకు అమ్మినవి.

ఇంటి వైఫై మీదుగా మాటాడు సదుపాయము కలదు గదా యని కొందరు అందురు. నిజమే. మన దేశమున 2019 డిసెంబరు, 2020 జనవరి మాసములలో అది వాడుకలోనికి వచ్చెను. వీలైనవారు దానిని వాడుకొనుట మంచిది. కాని దానికి తగిన ఫోను ఉండవలెను. నాయనమ్మ చేతిలోనిది తరచుగా మీటల పాతఫోనే. తగిన తరమునకు చేసిన ఫెంటోసెల్ అట్టి ఫోనునకును తోడ్పడును.

మరికొందరు తరంగమును పెంచు బూస్టరును అంగడిలో కొని తెచ్చి మేడమీద బిగింతురు. ఇది తప్పు. అనుమతి లేని బూస్టరు చట్టవిరుద్ధము; అన్యాయము కూడ. సభలో ఒకడు తన చెంతనున్నవానికి వినబడుటకై డప్పు మ్రోగించినచో, తక్కినవారి మాట యంతయు మునిగిపోవును గదా! బూస్టరు చేయు పనియు అట్టిదే. తన ఇంటి రెండు గీతల కొరకు వీధివారి మాట చెరుపువాడు మంచి పొరుగువాడు కాడు.

ఫెంటోసెల్‌ను సైతము ఎవరికి వారు పెట్టుకొనరాదు. లైసెన్సు పొందిన సంస్థయే అమర్చి, కాపాడవలెను. 2025లో దక్షిణ కొరియాలో కొందరు దుండగులు అక్రమముగా సంపాదించిన ఫెంటోసెల్ పరికరములను బండిలో పెట్టుకొని త్రిప్పుచు, కేటీ యను సంస్థ చందాదారుల ఫోనులనుండి వారికి తెలియకయే డబ్బు కాజేసిరి. దీపము మంచిదే, దొంగచేతికి చిక్కిన దీపము ఇల్లు దోచుటకును పనికివచ్చును.

ఇంటిలోనే కేంద్రమున్న ఆరోగ్యమునకు హానియేమోయని భయపడువారును కలరు. తెలిసికొని భయము తీర్చుకొనవలెను. ఇంటి ఫెంటోసెల్ బయటికి విడుచు శక్తి సాధారణముగా ఒక వాటులో పదియవవంతునకు మించదు. టవరు దూరమైనకొలది మన ఫోను గట్టిగా అరచి పలుకవలసివచ్చును. దాని బ్యాటరీ త్వరగా తరుగుట అందువలననే. కేంద్రము చెంతనున్నచో ఫోను మెల్లగా పలుకును. చెవికి ఆనించి పట్టుకొనునది ఫోనునే గాని పెట్టెను కాదు గదా!

ఒక లోపమును మాత్రము ఒప్పుకొనక తప్పదు. కరెంటు పోయిన ఈ పెట్టెయు ఆగిపోవును. పూర్వపు తీగఫోనునకు టెలిఫోను ఎక్స్ఛేంజి నుండియే విద్యుత్తు వచ్చెడిది. కరెంటు లేని రాత్రియు అది మ్రోగెడిది. కావున పెట్టెతోపాటు చిన్న బ్యాటరీని కూడ అమర్చవలెను. లేనిచో ఆపదవేళ నమ్మినదే మోసగించును.

ఇక ఖర్చు ఎవరు భరింపవలెను? నెలనెల రుసుము పుచ్చుకొను సంస్థ, తన మాట చేరని ఇంటి గృహస్థునే ఆ పెట్టెకు మరల పూర్తి వెల చెల్లింపుమనుట న్యాయము కాదు. కొంత సంస్థయు, కొంత భవనము కట్టువారును భరింపవలెను. ఇల్లు కట్టునపుడు నీటిగొట్టమునకును కరెంటు తీగకును దారి విడుచుచున్నాము. ఈ తీగకును దారి విడువరాదా? ట్రాయ్ సంస్థ 2022లో ఢిల్లీ విమానాశ్రయము, బెంగళూరు మెట్రో, కాండ్లా రేవు, భోపాల్ నగరములందు చిన్నకేంద్రముల అమరికను పరీక్షించి చూచెను. 2024 అక్టోబరులో భవనముల లోపలి సంధానమునకు నక్షత్రముల గుర్తులతో తరగతులు నిర్ణయించు నిబంధనలను ప్రకటించెను. మార్గము తెరచియున్నది, నడచుటయే తరువాయి.

ఆ నడక పెద్ద పెద్ద మేడలతోనే ఆగిపోరాదని నా విన్నపము. విమానాశ్రయపు నీడనున్న మామిడిపల్లి, గొల్లపల్లి, పాల్మాకుల వంటి ఊళ్లలోని బడులు, వైద్యశాలలు, వసతిగృహములు ముందుగా ఈ మేలు పొందవలెను. 2020 సెప్టెంబరు 1న కరోనా కాలములో తెలంగాణమున దూరపాఠములు ఆరంభమైనపుడు, ఫోనులో పాఠము వినుటకై డాబాలెక్కి ఎండలో కూర్చున్న పిల్లలను నేను కన్నులార చూచితిని. చదువు కొరకు మెట్లెక్కుట మెచ్చదగినదే; కాని ఎక్కించుట మన గొప్పతనము కాదు.

బాలబాలికలారా! నేడు ఇంటికి పోయి ఒక చిన్న పని చేయుడు. మీ ఇంటి పటము గీసి, ఏ గదిలో ఫోనునందు ఎన్ని గీతలు కన్పట్టుచున్నవో వ్రాయుడు. ఏ గోడ ప్రక్క అవి తగ్గినవో గుర్తింపుడు. ముసలివారు పడుకొను గది ఏదో చూడుడు. అచ్చట గీతలు లేనిచో ఆ మాటను పెద్దలకు చెప్పి, మీ ఫోను సంస్థకు వ్రాతమూలకముగా తెలియజేయింపుడు. ఆ పటమే మీ విన్నపమునకు సాక్ష్యము.

ఆకాశదీపము ఊరికి శోభ. కాని చీకటిలో తడబడు నాయనమ్మ చేతికి దారి చూపునది ఇంటిదీపమే. ఆ బాలుడు ఇక మెట్లెక్కి పరుగెత్తవలసిన పని లేక, ఆమె చేయి పట్టుకొని కూర్చుండియే సహాయమును పిలువగలిగిన నాడు మన విజ్ఞానము నట్టింటికి చేరినదని చెప్పవచ్చును.